వడ్లపూర్ వాగొడ్డు నల్లది

అక్టోబర్ 19

నాకు కోపం లేదు. పొద్దున పేపర్ చూసినప్పుడు వచ్చింది, టీ తాగేసరికి పోయింది. రెండో కప్పు కూడా తాగానంటే అది చలి మొదలైనందుకు.

జిల్లా పేజీలో పెద్దక్షరాలతో 'హాస్టల్ బాలికలపై విషపురుగు పంజా' అని వేశారు. పురుగుకు పంజా ఎక్కడిది? కింద ఒక ఫోటో. ఆ ఫోటో నాది. వడ్లపూర్ వాగొడ్డున తడి ఇసుకలో బోర్లా పడుకొని, మోచేతులు దోక్కుపోయేలా పాకి తీసింది. అందులో ఉన్నది నా నల్లది. ఫోటో పక్కన చిన్నక్షరాలతో 'సుకన్య, జంతుశాస్త్ర లెక్చరర్, నిజామాబాద్' అని నా పేరు కూడా. ఎంత మర్యాద!

ఫోటో ఇచ్చింది నేనే. మధుకర్ మా కాలేజీలో నా దగ్గర డిగ్రీ చదివినవాడే, ఇప్పుడు ఆ పేపర్‌కు వర్ని వైపు వార్తలు పంపుతాడు. దసరా సెలవుల్లో వచ్చి, మేడం, మీరు కొత్త పురుగును కనిపెట్టిన్రట గదా, ఐటెం వేద్దాం అన్నాడు. మురిసిపోయి వాట్సాప్‌లో పంపాను. ఆ ఐటెం రాలేదు. ఫోటో మాత్రం అతని ఫోన్‌లో ఉండిపోయింది. ఇవాళ ఇట్లా పనికొచ్చింది.

వడ్లపూర్ హాస్టల్లో ఆడపిల్లల మెడల మీద, చెంపల మీద కాలినట్టు బొబ్బలు లేచిన మాట నిజమే. చేసింది వేరే పురుగు. ఎర్ర నడుము, నల్ల తల, నీలిరంగు కురచ రెక్కలు. వరికోతల కాలంలో చేలల్లోంచి లేచి దీపాల దగ్గరికి వస్తుంది. దాని మానాన దాన్ని వదిలేస్తే ఏమీ చెయ్యదు. మెడ మీద వాలిందని చేత్తో కొట్టి నలిపితే దాని ఒంట్లో రసం చర్మాన్ని కాలుస్తుంది. ఆ పూట ఏమీ తెలియదు, మర్నాడు బొబ్బ లేస్తుంది. క్లాసులో అయితే పీడెరస్ అంటాను. ఇంట్లో ఎర్రది అంటాను.

నాది నల్లది. బియ్యపు గింజంత ఉంటుంది. ముఖమంతా కళ్లే. రెక్కల మీద చెరో పసుపు చుక్క. ఎగరలేదు. ఆ రెక్కల కింద ఉండాల్సిన పెద్ద రెక్కలు దానికి మొలకల్లా ఆగిపోయాయి. తడి ఇసుక మీద నడుస్తుంది, తనకంటే చిన్నవాటిని పట్టుకు తింటుంది. నీళ్లలో పడితే తోక చివర నుంచి ఒక చుక్క వదిలి జర్రున ఒడ్డుకు జారిపోతుంది. ఆ చుక్క వెనకవైపు నీటి పైపొర బిగువు తగ్గించి దాన్ని ముందుకు తోస్తుందని పిల్లలకు చెప్తే బెంచీలెక్కి చూస్తారు. మనిషికి దానివల్ల ఏనాడూ హాని లేదు.

మధుకర్‌కు ఫోన్ చేశాను. డెస్కువాళ్లు ఫోటో కావాలన్నారట. "నా దగ్గర గదే ఉండె మేడం. రెండూ సన్నగ పొడుగ్గ, సగం రెక్కలతోనే ఉంటయి గద" అన్నాడు. నా దగ్గర మూడేళ్లు చదివిన పిల్లాడు. పరీక్షలో ఇట్లా రాసినా పాస్ చేసి ఉంటాను, అదీ నా ఖర్మ. సవరణ వేయించమన్నాను. డెస్కువాళ్లను అడుగుతానన్నాడు.

అక్టోబర్ 20

సవరణ రాలేదు. మూడో పేజీలో ఎవరిదో పుట్టినరోజు వచ్చింది.

అక్టోబర్ 22

రాలేదు. ఇంక చూడను.

అక్టోబర్ 23

చూశాను. రాలేదు.

కింది వాటాలో ఉండే మహబూబీ, మా ఇంటి ఓనరమ్మ, పేపర్ చేతిలో పట్టుకొని పైకి వచ్చింది. నా పేరు వచ్చిందని సంబరపడి, ఇంత విషం పురుగులను ఇంట్లో సీసాల్లో పెడుతున్నావా బేటీ అని మెల్లగా అడిగింది. కూర్చోబెట్టి చెప్పాను. అర్థమైందంది. వెళ్తూ వెళ్తూ సీసాలు వంటింటికి దూరంగా పెట్టుకోమంది.

మూడేళ్లుగా ఈ నల్లది ఇంకెక్కడైనా ఉందేమోనని తిరుగుతూనే ఉన్నాను. బోధన్ దగ్గర మంజీర ఒడ్డు, పోచంపాడ్‌లో డ్యాం కింద గోదావరి రాళ్ల సందులు, ఏర్గట్ల వైపు పసుపు చేల పక్కన పారే చిన్న కాలువలు. వర్ని, చందూర్ చుట్టుపక్కల వాగులన్నీ. దీని చుట్టాలు దొరికాయి, ఇది దొరకలేదు. వడ్లపూర్‌లో చెక్‌డ్యాం నుంచి కల్వర్టు దాకా ఉన్న ఆ ముక్కలోనే ఉంది. పైన కాలువ ఊట ఏడాది పొడుగునా దిగుతుంది, ఆ ఒడ్డు ఎండాకాలం కూడా ఆరదు. అందుకే అక్కడ మిగిలిందని నా ఊహ. మ్యాపు మీద పెడితే ఒక్క చుక్క.

బెంగళూరులో భానుప్రసాద్ గారికి మగవి కొన్ని పంపాను. ఈ పురుగుల వర్గీకరణలో దేశంలో ఆయన మాటే చెల్లుతుంది. ఇంతకుముందు పేరు పెట్టినవాటిలో దేనితోనూ కలవడం లేదు, ఇంకా పాత నమూనాలతో పోల్చాలి, ఆగండి అన్నారు. ఆగుతూనే ఉన్నాను. పేరు లేనిదాని గురించి ఎవరికి మొరపెట్టుకోను? ఏ ఆఫీసులో ఏం రాసివ్వను, ఒక నల్ల పురుగు అనా?

నా పేరు రావాలని కాదు ఇదంతా. అది వేరే సంగతి.

అక్టోబర్ 24

సెలవు పెట్టి వడ్లపూర్ వెళ్లాను.

హాస్టల్లో వంట చేసే తిరుపతమ్మ కనిపించింది. ఆమె కూతురు శృతి అక్కడే తొమ్మిది చదువుతోంది. ఆ పిల్ల మెడ చూశాను. చెవి కింద నుంచి భుజం ఎముక దాకా కొరడాతో కొట్టినట్టు చార. సర్పి, అదే అక్కి, లేచిందనుకొని కుమ్మరి భూమవ్వ దగ్గరికి తీసుకుపోయి ఎర్రమన్ను పూయించారట. సర్పికి అక్కడ అందరూ చేసేది అదే. మన్ను పూసి రుద్దేసరికి రసం ఇంకా పాకింది. భూమవ్వను ఏమనను? పిల్ల ఏడుస్తుంటే ఆమెకు వచ్చిన మందు ఆమె వేసింది. మందులషాపువాడు మాత్రం నూనె రాయమన్నాడట. చదువుకున్నాడు మరి.

సబ్బుతో కడగడం, పురుగు వాలితే ఊది పంపడం, చేత్తో నలపకపోవడం అన్నీ చెప్పాను. వెనక గోడకు తీసుకెళ్లి చూపించాను. కొత్తగా వేసిన పెద్ద తెల్ల లైటు కింద గోడంతా ఎర్రవే. కొన్ని చచ్చి రాలి ఉన్నాయి, కొన్ని పగుళ్లలో దూరి ఉన్నాయి. పేపర్‌లో వచ్చింది ఇది కాదు అని ఫోన్‌లో రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టి చూపించాను. తిరుపతమ్మ ఒక్క నిమిషంలో తేడా పట్టింది. డెస్కులో కూర్చున్న వాళ్లకు పట్టలేదు.

లైటు ఆపితే సగం పీడ పోతుందన్నాను. అక్కడ తిరుపతమ్మ నా మీద లేచింది.

"గా లైటు కోసం మేమెంత తిరిగినమో మీకేం ఎరుక మేడం. పక్కపొంటి చెరుకుతోట. ఆడపిల్లలు బాత్రూంకు పోవాలంటే నా పాణం కొట్టుకునేది. ఇప్పుడు ఆర్పుమంటే నేనెట్ల ఆర్పుత?"

తప్పు లేదు. పసుపు బల్బు పెట్టినా తక్కువ వస్తాయన్నాను. ఎవరు పెడతారంది. వార్డెన్ మేడం జిల్లాకు రాయాలి, జిల్లావాళ్లు టెండరు పిలవాలి. ఒక్క పసుపు బల్బుకు!

ఆ ఎర్రవి ఎక్కడి నుంచి వస్తున్నాయని అడిగింది. వరిచేలల్లోంచి అన్నాను. అది నిజం. ఈ కాలంలో లైటుకు వచ్చేవన్నీ దాదాపు కోతలవల్ల లేచినవే. అబద్ధం ఏమీ చెప్పలేదు.

అక్టోబర్ 26

సర్పంచ్ లింబాద్రి ఫోన్ చేశాడు. మర్యాదస్తుడే, ప్రతి మాటకూ మేడం అంటాడు. వాగొడ్డు పొడుగునా పురుగుల మందు కొట్టించాలని పంచాయతీలో అనుకున్నారట.

వాగుకు ఎందుకన్నాను. పురుగు వాగులో ఉంటది గదా అన్నాడు. ఎవరు చెప్పారన్నాను.

"మీరే గద మేడం. పేపర్ల మీ పేరు గూడ వచ్చె."

ఒళ్లు మండిపోయింది. ఫోన్‌లోనే నెత్తీనోరూ కొట్టుకున్నాను. ఫోటోలో ఉన్నది వాగుది, కాల్చింది చేనుది, రెండూ వేరు అని ఎన్ని రకాలుగా చెప్పవచ్చో అన్ని రకాలుగా చెప్పాను. అతను ఓపిగ్గా విన్నాడు. అంతా విని, ఊరోళ్లకు ఆ ముక్క మీరే వచ్చి చెప్పండి మేడం, నేను చెప్తే నమ్మరు అన్నాడు. ఎల్లుండి పొద్దున రమ్మన్నాడు.

మధుకర్ ఫోన్ ఎత్తలేదు.

అక్టోబర్ 27

రేపు ఏం చెప్పాలో రాసుకున్నాను. రాసుకున్నది చదివితే నాకే నిద్రొచ్చింది. చింపేశాను. రేపు చేతులు చూపిస్తాను, అంతే.

అక్టోబర్ 28

పంచాయతీ వరండాలో కుర్చీలు వేశారు. ఆడవాళ్లు చాలామంది వచ్చారు, హాస్టల్ పిల్లల తల్లులు. కొందరి మొహాల్లో కోపం పొంగుతోంది. పిల్లల మెడలు చూసిన తర్వాత ఆ కోపం న్యాయమేనని నాకూ అనిపించింది. కానీ ఆ కోపం వచ్చి నా నల్లదాని నెత్తిన పడుతోంది.

వాగొడ్డు నుంచి ఒక నల్లదాన్ని, హాస్టల్ గోడ మీది నుంచి ఒక ఎర్రదాన్ని చెరో గొట్టంలో తెచ్చుకున్నాను. అందరి ముందూ నల్లదాన్ని ఎడమ చేతి మీద వేసి వేలితో నలిపాను. మూడేళ్లుగా ఊపిరి బిగబట్టి పట్టుకుంటున్న దాన్ని నా వేలితోనే చంపాను. తర్వాత ఎర్రదాన్ని కుడి చేతి మీద నలిపాను. వెనక నుంచి ఎవరో ముసలామె, అయ్యో బిడ్డా, గదేం పని అంది. రేపటికి కుడి చెయ్యి బొబ్బ లేస్తుంది, ఎడమ చేతికి ఏమీ కాదు, మీ కళ్లతో మీరే చూడండి అన్నాను.

లింబాద్రి మెచ్చుకోలుగా తలూపాడు. ఈ వాగు పురుగు కొత్తదని ఎట్లా చెప్తారు మేడం, అన్నీ ఒక్క తీరుగనే ఉంటాయి కదా అని అడిగాడు. మంచి ప్రశ్న. జవాబు నోటిదాకా వచ్చి ఆగింది. ఈ జాతుల్లో పైకి చూసి తేల్చలేం, మగదాని పొట్ట కోసి అది ఆడదానితో కూడే భాగం ఆకారం చూడాలి. ఆ తల్లులందరి ముందు, సర్పంచ్ ముందు, ఇది ఎట్లా చెప్పను? లోపలి భాగాలు వేరుగా ఉంటాయి అన్నాను. ఎవరికీ నమ్మకం కుదరలేదు. కిడ్నీలాంటివా అని ఒకాయన అడిగాడు. అవును అన్నాను.

అంతా బాగానే నడుస్తోంది. అప్పుడు తిరుపతమ్మ లేచింది.

"మేడం, ఎర్రది వాగొడ్డుకు ఉండదా మరి?"

ఉంటుంది. నల్లవాటి కోసం ఇసుకలో పాతిపెట్టే గ్లాసుల్లో ప్రతిసారీ ఎర్రవి కూడా పడతాయి. నాకు అక్కర్లేనివి కాబట్టి అక్కడే వదిలేస్తాను. తడి ఎక్కడుంటే అక్కడుంటుంది అది. చేలల్లో లక్షలుంటే ఒడ్డున గుప్పెడు ఉంటాయి. లేదు అంటే సరిపోయేది. ఆ ఊళ్లో ఎవరికీ తెలిసేది కాదు.

"ఉంటదక్కా, కానీ" అన్నాను.

కానీ తర్వాత ఏం చెప్పానో ఎవరికీ అక్కర్లేకపోయింది. ఆడవాళ్లంతా ఒక్కసారే మాట్లాడటం మొదలుపెట్టారు. ఒడ్డుకు మందు కొడితే గుప్పెడు చస్తాయి, చేలల్లోవి మళ్లీ ఎగిరొస్తాయి, మధ్యలో ఎగరలేనిది మొత్తం పోతుంది అని అరిచాను. నిజంగానే అరిచాను. కాలేజీలో కూడా ఎప్పుడూ అట్లా అరవలేదు. చెక్‌డ్యాం వైపు, కల్వర్టు వైపు చెయ్యి చాపి, ఇటు నుంచి అటు దాకా ఒక్కచోటే ఉందండీ అని బతిమాలాను.

చివరికి లింబాద్రి చెయ్యెత్తి అందరినీ ఆపాడు. మేడం తన చెయ్యి తానే కాల్చుకుంటున్నారు, ఒక్క దినం ఆగుదాం, రేపు సాయంత్రం చేతులు చూసి అప్పుడు తేలుద్దాం అన్నాడు. సరేనన్నారు. నేను నమ్మాను.

అక్టోబర్ 29

కుడి చేతికి బొబ్బ లేచింది. మణికట్టు నుంచి మోచేతి దాకా మంట. ఇంత సంతోషంగా ఎవరూ బొబ్బను చూసుకొని ఉండరు. ఎడమ చేతికి ఏమీ లేదు. మధ్యాహ్నం క్లాసు మరొకరికి అప్పజెప్పి బండి తీశాను.

ఊరు దగ్గరపడుతుంటేనే వాసన.

పొద్దున ఏర్గట్ల నుంచి డ్రోన్ వచ్చిందట, ఆలస్యంగా నాటిన వరికి దోమపోటు మందు కొట్టడానికి. చేలు అయిపోయాయి. ట్యాంకులో ఇంకా మందుంది, బ్యాటరీ ఉంది. ఎట్లాగూ వచ్చింది కదా అని వాగొడ్డుకు కూడా కొట్టించారు. చెక్‌డ్యాం నుంచి కల్వర్టు దాకా. సరిగ్గా చెక్‌డ్యాం నుంచి కల్వర్టు దాకా! నేను నిన్న చేత్తో చూపించిన హద్దులే. ఇటు నుంచి అటు దాకా ఒక్కచోటే ఉందండీ అని బతిమాలాను కదా, ఆ కొలత బాగా పనికొచ్చింది.

లింబాద్రి పంచాయతీ ముందే ఉన్నాడు. ఏమీ దాచలేదు. అదే ఇంకా మంట.

"మీ చెయ్యి సూద్దామనే ఉండె మేడం. డ్రోన్ మళ్ల దొరకదని కొట్టించిన."

రెండు చేతులూ చాపాను. దగ్గరికొచ్చి చూశాడు. అయ్యో అన్నాడు. నిజంగానే బాధపడ్డాడు. ఎడమ చేతికి ఏం కాలేదే, మీరు చెప్పిందే ఖరారు మేడం అన్నాడు. టీ తెప్పించాడు. భూమవ్వ దగ్గర ఎర్రమన్ను పూయిస్తానన్నాడు. టీ తాగానో లేదో గుర్తు లేదు.

వాగొడ్డుకు పోయాను. చచ్చినవి చాలా ఉన్నాయి. నీళ్ల అంచున ఒకటి ఇంకా కదులుతోంది. తోక నుంచి చుక్క వదిలి, జర్రున జారి, ఒడ్డు దొరక్క మళ్లీ గుండ్రంగా తిరిగి వస్తోంది. దాన్ని గొట్టంలోకి తీశాను. బండి దాకా బతకలేదు.

అక్టోబర్ 30

ఏమీ రాయను.

నవంబర్ 2

మహబూబీ నా చెయ్యి చూసి గాబరాపడింది. ఎవరు కాల్చారంది. నేనే అన్నాను. ఎందుకంది. చెప్పాను. "మరి వాళ్లు సూడకనే కొట్టేసిన్రా బేటీ?" అంది.

ఒక్క మనిషికి అర్థమైంది. అది కూడా నిజామాబాద్‌లో, మా ఇంటి మెట్ల మీద.

నవంబర్ 9

వడ్లపూర్ వెళ్లాను. కోతలు జోరుగా ఉన్నాయి, రోడ్డు సగం వడ్లు ఆరబోశారు. వాగొడ్డున గ్లాసులు పాతిపెట్టి సాయంత్రం దాకా కూర్చున్నాను. నల్లది ఒక్కటి లేదు. ఎర్రవి పడ్డాయి. కోసిన చేలల్లోంచి లేచి హాయిగా వచ్చి వాగొడ్డున కాపురం పెట్టాయి. పాత ఇరుగుపొరుగు ఎవరూ లేరు, ఇల్లంతా వాటిదే.

హాస్టల్లో మళ్లీ బొబ్బలు లేచాయట. లైటు అట్లాగే వెలుగుతోంది.

లింబాద్రి ఎదురుపడ్డాడు. మందు సరిగ్గా పనిచెయ్యలేదు మేడం, ఇంకో రకం ఉందట, ఘాటుదట అన్నాడు. నేను రోడ్డు మీద నిలబడి నవ్వాను. నాకు పిచ్చెక్కిందనుకొని ఉంటాడు.

నవంబర్ 17

భానుప్రసాద్ గారు ఫోన్ చేశారు. కొత్తదేనట. లోకంలో ఇప్పటిదాకా ఎవరూ వర్ణించనిదట. గొంతులో సంతోషం దాచుకోలేకపోతున్నారు. ఇంకొన్ని మగవి తాజాగా కావాలి, పంపగలరా అన్నారు.

చెప్పాను.

ఉన్నవాటితోనే సరిపెడదాం, మీ పేరు మొదట పెడదాం అన్నారు. జాతికి ఏం పేరు పెట్టమంటారు, దొరికిన ఊరి పేరే ఎక్కువగా పెడతారు కదా అన్నారు. చాలా కోపంలో ఉన్నాను. ఆ ఊరి పేరే పెట్టండి అన్నాను. వడ్లపూరెన్సిస్. ఎప్పటికైనా ఎవడో ఒకడు చదివి, ఈ వడ్లపూర్ ఎక్కడుంది, ఈ పురుగు ఇప్పుడుందా అని అడగాలి. అడిగినప్పుడు వాళ్ల దగ్గర జవాబు ఉండకూడదు.

ప్రేమగా పెట్టానని ఆయన అనుకున్నారు. మంచి ఆలోచన అన్నారు.

డిసెంబర్ 28

లేదు.

జనవరి 18

లేదు. కల్వర్టు అవతల కూడా చూశాను, చెక్‌డ్యాం పైన కూడా.

ఫిబ్రవరి 11

వ్యాసం అచ్చయింది. విస్తరణ అన్నచోట ఒక్క ఊరి పేరు. ఆ తర్వాతి వాక్యం భానుప్రసాద్ గారు మెత్తగా రాశారు, నేను పట్టుబట్టి గట్టిగా మార్పించాను. పురుగుల మందు పిచికారీ తర్వాత ఇక్కడ మళ్లీ కనిపించలేదు, ఇంకెక్కడా ఉన్నట్టు తెలియదు. శాస్త్రవ్యాసంలో తిట్లు రాయనివ్వరు కాబట్టి అంతటితో ఆగింది.

ఫిబ్రవరి 15

మధుకర్ ఐటెం వేశాడు. 'వడ్లపూర్‌కు అంతర్జాతీయ ఖ్యాతి'. ఈసారి అన్నీ సరిగ్గానే రాశాడు, పిచికారీ సంగతి తప్ప. అడిగితే, పాజిటివ్ ఐటెం కదా మేడం అన్నాడు.

లింబాద్రి ఫోన్. ఊరంతా గర్వంగా ఉందట. లోకంలో ఒక పురుగుకు మా ఊరి పేరు, ఇంకే ఊరికి దక్కింది మేడం అన్నాడు. సన్మానం చేస్తారట. ఛస్తే రానన్నాను.

ఫిబ్రవరి 22

వెళ్లాను. ఎందుకు వెళ్లానంటే మైకు ఇస్తారు కాబట్టి. ఊరందరి ముందూ మైకులో చెప్తే ఎట్లా వినరో చూస్తాను అనుకున్నాను. దారి పొడుగునా హెల్మెట్‌లో ఒక్కో మాటా గట్టిగా అనుకుంటూ పోయాను.

బడి ముందు షామియానా, వెనక ఫ్లెక్సీ. ఫ్లెక్సీ మీద నా మొహం, లింబాద్రి మొహం, మధ్యలో నా నల్లది మనిషి తలకాయంత. ఇంత పెద్దగా దాన్ని నేను కూడా ఎప్పుడూ చూడలేదు. రెండు పసుపు చుక్కలూ ఎంత బాగా వచ్చాయో. పిల్లలు పాట పాడారు. లింబాద్రి శాలువా కప్పాడు, ఇంకెవరో ఇంకో శాలువా కప్పారు, బొకే, మెమెంటో. డ్రోన్‌తో చేలకు మందు కొట్టించుకున్న రైతులు కూడా వరసగా వచ్చి దండలు వేశారు. అన్నీ వేయించుకున్నాను. శాలువాల్లో చెమటలు కారిపోతున్నాయి.

మైకు ఇచ్చారు. అన్నాను.

"మీ ఊరి పేరు పెట్టిన పురుగు మీ ఊళ్లో లేదు. లోకంలో ఇంకెక్కడా ఉన్నట్టు తెలియదు. ఒక్క దినం ఆగుతామని నాకు మాటిచ్చి, ఆగకుండా మీరే చంపిన్రు. మీ పిల్లల మెడలు కాల్చింది అది కాదు. కాల్చింది ఇంకా మీ లైటు కిందనే ఉంది."

అంతే. ఇంకా చాలా అనుకున్నాను, అవి హెల్మెట్‌లోనే ఉండిపోయాయి. మైకు ఇచ్చేశాను.

ముందు వరసలో ఎవరో చప్పట్లు కొట్టారు. అతిథి మాట్లాడటం అయిపోతే కొట్టేవే. వెనకవాళ్లూ అందుకున్నారు. పిల్లలు ఇంకా గట్టిగా కొట్టారు. లింబాద్రి మైకు తీసుకొని, సుకన్య మేడం మన మీద ప్రేమతో నాలుగు మంచి మాటలు చెప్పిన్రు, ఇప్పుడు అందరూ భోజనాలకు రావాలె అన్నాడు.

భోజనానికి ఆగలేదు. బండి దగ్గరికి వచ్చేసరికి తిరుపతమ్మ అక్కడ నిలబడి ఉంది. ఆమె చప్పట్లు కొట్టలేదు, స్టేజీ మీది నుంచి చూశాను. నా చేతిలో శాలువాలు తీసుకొని, మడిచి, డిక్కీలో పెట్టింది. హాస్టల్ లైటుకు పసుపు కాగితం అంటించిందట, ఎవరినీ అడగకుండా. కొంచెం తక్కువగా వస్తున్నాయట.

"గది మళ్ల వస్తదా మేడం?"

వస్తుంది అనబోయాను. పొద్దున నుంచి తిండి లేదు, అబద్ధం ఆడే ఓపిక కూడా లేదు.

"ఎగరరాదక్కా దానికి. ఇంకోచోట ఉంటే గద, రానీకి."

ఆమె వాగు వైపు చూసింది. నా వైపు తిరిగినప్పుడు, ఇందాక మైకు ముందు నా మొహం ఎట్లా ఉండి ఉంటుందో ఆమె మొహం అట్లా ఉంది.

"మూడేండ్లు వచ్చి పోయిన్రు మేడం. మా ముంగటికెళ్లే పోయిన్రు. లోకంల ఏడ లేని పాణం మా వాగుల ఉన్నదని మాకొక్కనాడన్న చెప్పకపోతిరి."

బండి స్టార్ట్ చేశాను. ఎవరికి చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి? అప్పటికి దానికి పేరే లేదు. చెప్తే మాత్రం వినేవాళ్లా? ఇవాళ మైకులో చెప్తేనే వినలేదు. ఇవన్నీ వర్ని రోడ్డు ఎక్కాక తోచాయి, తోచినవి తోచినట్టే గట్టిగా అనుకుంటూ వచ్చాను.

ఎవరెవరి మీదో కోపం తెచ్చుకున్నాను ఇన్నాళ్లూ. ఇవాళ తిరుపతమ్మ మీద వచ్చినంత కోపం ఎవరి మీదా రాలేదు. ఇంటికొచ్చి, స్నానం చేసి, అన్నం తిన్నాను. ఇంకా తగ్గలేదు.